శ్రీశైలయాత్ర: నాటి ప్రయాణ సన్నాహం

నేడు హైదరాబాదులో ఉదయం బస్సెక్కినవాడు మధ్యాహ్నానికి శ్రీశైలంలో ఉంటాడు. కర్నూలు నుండి గాని, ఒంగోలు నుండి గాని బయలుదేరినవారికీ అది ఒక పూట ప్రయాణమే. భుజాన ఒక సంచి, జేబులో టిక్కెట్టుకు సరిపడే డబ్బు ఉంటే చాలు. మన ముత్తాతల నాడు ఈ యాత్ర ఇంత సులభం కాదు. ఊరు విడిచిన నాటినుండి తిరిగి ఊరు చేరేవరకు కొందరికి పక్షం రోజులు, దూరదేశాల వారికి రెండు నెలలు పట్టేది. ఆ నడకలో చివరి రెండు మూడు దినాలు జనవాసం లేని నల్లమల అడవిలో, రాతిబాటమీద, ఎండాకాలం తొలిరోజులలో గడిచేవి. అట్టి ప్రయాణానికి వారు ఏ విధంగా సిద్ధపడేవారు? ఏమి వెంట తీసుకొని పోయేవారు? ఏమి లేకుండా పోగలిగేవారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకితే యాత్రికుల చరిత్రతోపాటు ఒక బాట చరిత్ర కూడా మనకు తెలిసివస్తుంది.

ముందుగా కాలనిర్ణయం. శ్రీశైలానికి జనం కాలినడకన పోయే సందర్భాలు ప్రధానంగా రెండు. మాఘ బహుళ చతుర్దశినాటి మహాశివరాత్రి ఒకటి. చైత్ర శుద్ధ పాడ్యమినాటి ఉగాది రెండవది. ఒకటి శిశిరం ముగియబోయే వేళ వస్తుంది. రెండవది వసంతం అడుగుపెట్టే దినాన వస్తుంది. పండుగలు శాస్త్రాన్నిబట్టి వచ్చినవన్నది నిజమే. అయినా అడవిలో నడవదలచినవాడు తన తెలివితో ఒక కాలాన్ని ఎంచుకోవలసివస్తే, దాదాపు ఈ నెలలనే ఎంచుకుంటాడు. వానకాలంలో నల్లమల వాగులు పొంగి దారిని తెగగొడతవి. వానలు వెనుకబట్టిన తరువాత కొంతకాలం కొండజ్వరాల భయం ఉండేది. కొండగాలి, కొండనీరు ఆ జ్వరానికి కారణమని పెద్దలు తలచేవారు. దానికి దోమ కారణమని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. కారణం తెలియకపోయినా, ఏ నెలలలో కొండ ఎక్కరాదో మన పెద్దలకు అనుభవంవల్ల తెలుసు.

మాఘ ఫాల్గుణాలకు వాగులు తగ్గుతవి గాని కొలనులు పూర్తిగా ఎండవు. చెట్లు ఆకు రాల్చడంచేత దూరాన ఉన్న మృగం కంటబడుతుంది. బాట మలుపు ముందుగానే తెలుస్తుంది. మోదుగలు ఎర్రగా పూస్తవి. ఉగాది నాటికి ఇప్పపువ్వు రాలుతుంది. పల్లెలో కోతలు, నూర్పిళ్ళు అయిపోయి రైతుకు చేతినిండా తీరిక, ఇంటినిండా గింజ ఉండే కాలమూ ఇదే. అయితే దీనికి తగిన చిక్కు కూడా ఒకటి ఉన్నది. పగటి ఎండ అప్పటికే ముదురుతుంది. అడవిలో నీరు రోజురోజుకూ వెనుకకు పోతుంది. శివరాత్రికి నీరున్న చెలమ ఉగాదికి ఎండిపోవచ్చు. కాబట్టి ఈ యాత్రకు సంబంధించిన సన్నాహమంతా చివరకు నీటిచుట్టూనే తిరుగుతుంది.

ఇక దారులు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలున్నవని సంప్రదాయం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఒక్కొక్కటి ఒక్కొక్క దేశపు జనం వచ్చి కూడుకొనే తావు. ఉత్తరపు బాటన వచ్చినవారు అమరాబాదు పీఠభూమి దాటి, కృష్ణలోయలోనికి దిగి, పుట్టిలో నది దాటి, పాతాళగంగ మెట్లెక్కి స్వామి సన్నిధికి చేరేవారు. వీటన్నిటిలో నేటికీ జనం కాలినడకన ఎక్కువగా పోయేది నైఋతినుండి వచ్చే ఆత్మకూరు దారి. ఆత్మకూరు సమీపాన వెంకటాపురం దగ్గర ఈ బాట అడవిలో ప్రవేశిస్తుంది. అక్కడినుండి నాగలూటి వీరభద్రాలయం, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం: ఇవి వరుసగా మజిలీలు. మొత్తం సుమారు 40 కిలోమీటర్లు. భీమునికొలను లోతైన కొండగండిలో ఉన్నది. యాత్రికుడు వందలాది మెట్లు దిగి దానిని చేరాలి. చేరిన వెంటనే మరల వందలాది మెట్లు ఎక్కి కైలాసద్వారం చేరాలి. అలసట అంతా పోగుపడిన చివరి ఘట్టంలో ఈ దిగుడు, ఈ ఎక్కుడు ఎదురవుతవి.

ఈ మజిలీల పేర్లను శ్రోతలు మరొకసారి జ్ఞాపకం చేసుకోవాలి. కుంట, చెరువు, బావి, కొలను. బాటకు గుర్తులుగా మన పెద్దలు కొండల పేర్లు గాని చెట్ల పేర్లు గాని పెట్టుకోలేదు. నీళ్ళ పేర్లే పెట్టుకున్నారు. దాని అంతరార్థాన్ని కొంచెం తరువాత విచారిద్దాం.

యాత్రకు పోదలచినవాడు మొదట ఇల్లు చక్కబెట్టుకొనేవాడు. కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అని సామెత. శ్రీశైలం కాశి అంత దూరం కాకపోయినా నల్లమల నల్లమలే. పులి, జ్వరం, దొంగ, దాహం, ఈ నాలుగింటిలో దేనికైనా మనిషి చిక్కవచ్చు. అందుచేత ఇచ్చిపుచ్చుకోవలసిన బాకీలు తీర్చుకొని, పశువులను, పొలాన్ని అన్నకో తమ్మునికో అప్పగించి, ఇరుగుపొరుగు వారితో మాటపట్టింపులుంటే చెరిపివేసుకొని బయలుదేరడం మర్యాద. తిరిగి వచ్చిననాడు ఊరివారు ఎదురువెళ్ళి, విభూతి, ప్రసాదం అందుకొని, కాళ్ళకు నీళ్ళిచ్చి ఇంటికి తీసుకొని వచ్చేవారు.

తరువాత దేహాన్ని సిద్ధం చేసుకోవాలి. మొక్కుకున్నవారు కొన్నాళ్ళు ముందునుండే ఒకపూట భోజనం, నేలపడక, ఉదయస్నానం మొదలైన నియమాలు పాటించేవారు. దీనిని మనం భక్తి అంటాం, అది భక్తే. కాని తక్కువ తిండితో పనిచేయడం, రాతిమీద నిద్రపోవడం, తెల్లవారుజామున లేచి నడక సాగించడం అడవిబాటలో అక్కరకు వచ్చే విద్యలు. నియమమని చేసినదే అభ్యాసమైనది. ఇంటినుండి అడవి అంచువరకు వారాల తరబడి సాగే నడక ఆ అభ్యాసాన్ని పూర్తిచేసేది. ఆత్మకూరు చేరేనాటికి బలహీనుడు ఎవడో, వెనుకబడేవాడు ఎవడో జట్టులో అందరికీ తెలిసిపోయేది. ముసలివారిని, రోగులను డోలీలలో మోసుకొని పోయేవారు.

వెంట తీసుకొనిపోయే సామాను స్వల్పం. కప్పుకొనడానికి, పరచుకొనడానికి, కుంభవృష్టి వస్తే తలదాచుకొనడానికి కూడా పనికివచ్చే గొంగళి ఒకటి. చేతికర్ర ఒకటి. నీటికి ఎండిన సొరకాయ బుర్ర. నిప్పుకు చెకుముకిరాయి, దూది. రాత్రికి దివిటీ, దానికి కొంచెం చమురు. తిండికి వండనక్కరలేనివి, చెడిపోనివి: అటుకులు, పేలపిండి, బెల్లం, ఉప్పు, ఎండుమిరప, చింతపండు. కడుపునొప్పికి వాము, జలుబుకు శొంఠి. కన్నడ దేశంనుండి వచ్చేవారు జొన్నరొట్టెలను పలుచగా చేసి, కరకరలాడేటట్లు ఎండబెట్టి మూటగట్టుకుంటారు. అవి ఎన్నో దినాలు నిలువ ఉంటవి. నిప్పు, కుండ, కట్టె అవసరం లేదు. పల్లిపొడి అద్దుకొని తింటే చాలును. ఈ వస్తువులలో ప్రతిదీ రెండు మూడు పనులకు ఉపయోగపడేది. ఒక్కపనికి మాత్రమే పనికివచ్చేదానిని మూటలో చేర్చేవారు కారు.

ఇప్పుడు కొంచెం లెక్క వేసి చూద్దాం. మార్చి ఎండలో రాతిబాటన నడిచే మనిషికి దినానికి కనీసం 4 లీటర్ల నీరు కావాలి. రెండు దినాల అడవినడకకు 8 లీటర్లు. అంటే 8 కిలోల బరువు. అటుకులు, బెల్లం వగైరా రెండు దినాలకు ఒకటిన్నర కిలో మించవు. గొంగళి, బట్టలు మరి మూడు కిలోలు అనుకుందాం. నీటి బరువు తక్కిన బరువులన్నిటినీ మించిపోయినది. ఆ నీటినంతా మోసుకొనిపోవలసివస్తే పిల్లవాడు, ముసలిది, బాలెంత యాత్రకు వెళ్ళగలిగేవారు కారు. బలిష్ఠులైన యువకులకే మల్లన్న దర్శనం లభించేది. కాని వెళ్ళినవారిలో ముసలివారూ ఉన్నారు, చంకన బిడ్డలున్న తల్లులూ ఉన్నారు. ఒక చిన్న సొరబుర్రతో వారు ఎట్లు పోగలిగినారు? బాటమీద మూడు నాలుగు క్రోసులకొక చోట కుంటో, చెరువో, బావో, కొలనో ఉన్నది కాబట్టి. మజిలీలకు నీళ్ళ పేర్లు రావడంలోని అంతరార్థం ఇదే. ఒక్కొక్క కొలను ప్రతి యాత్రికుని తలమీదనుండి కొన్ని శేర్ల బరువును దించి తాను మోసినది.

అనగా ప్రయాణ సన్నాహం రెండు విధాలు. బాటసారి చేసుకొనేది ఒకటి. బాటకు చేసిపెట్టేది మరొకటి. మొదటిది ఒకనాటి పని. రెండవది శతాబ్దాల పని. యాత్రికుని మూట అంత చిన్నది కావడానికి అతనికి పూర్వమే ఎవరెవరో చేసిపెట్టిన పనులు కారణం. వారిలో కొందరి పేర్లు చరిత్రకు తెలుసు.

14వ శతాబ్దిలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించినాడు. కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలిపోయిన తరువాత దేశమంతా అల్లకల్లోలమై ఉన్న కాలం అది. రాజ్యాన్ని నిలబెట్టుకోవలసిన రాజు కోటలతోపాటు కొండమెట్ల సంగతి కూడా ఆలోచించినాడు. దారి తెగిపోతే ప్రజలకు, దేవుడికి మధ్య సంబంధం తెగిపోతుంది. దేశంలోని ఒక మూల ప్రజలకు మరొక మూల ప్రజలతో ఉన్న సంబంధమూ తెగిపోతుంది. ఆ మెట్లు కొండలో కొట్టిన మెట్లు మాత్రమే కావు. చెదరిన దేశాన్ని తిరిగి కుట్టిన కుట్లు అనవచ్చును. ఆ వంశంవాడే అనవేమారెడ్డి 1377లో ఆలయంలో వీరశిరోమండపం కట్టించినాడు. విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు సోపానాలు కట్టించినది. శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి విజయానంతరం శ్రీశైలాన్ని దర్శించి, రథవీథికి ఇరువైపుల మండపాలు కట్టించినాడు. వేలకొలది జనం వచ్చి, తలదాచుకోను చోటులేక చెట్లక్రింద పడి ఉండే జాతరలో ఆ మండపాల విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చును.

గుడికి శిఖరం కట్టించినవారికి, మెట్టు కట్టించినవారికి నడుమ భేదం ఒకటి ఉన్నది. శిఖరం దూరానికి కనబడుతుంది. చూచినవారు దానిని కట్టించినవారి పేరు అడుగుతారు. మెట్టును కాలితో త్రొక్కి పోతాం. దానిని పెట్టించినవారెవరని ఎవరూ అడుగరు. విఠలాంబ నదికి మెట్లు కట్టించిననాడు ఈ సంగతి ఆమెకు తెలియకపోలేదు. పేరున్న రాజులు రాణులు పోగా, పేరులేనివారు ఇంకెందరో. కుంటలో పూడికతీసినవారు, దారిపక్క చలువపందిరి వేసినవారు, అడవి అంచున అంబలి పోసినవారు, క్షేత్రంలో సత్రం నడిపినవారు. శ్రీశైలంలోని ఘంటామఠం, భీమశంకరమఠం, విభూతిమఠం, రుద్రాక్షమఠం, సారంగధరమఠం మొదలైన వీరశైవ మఠాలు కొండమీదికి చేరినవారికి ఆశ్రయమైనవి.

ఇంత జనం వచ్చే బాటకు ఒక సాహిత్యమూ పుట్టినది. 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో చివరి ప్రకరణానికి పర్వత ప్రకరణమని పేరుపెట్టి, శివరాత్రికి శ్రీశైలం పోయే జనసందోహాన్ని కన్నులకు కట్టించినాడు. యాత్రికులు పాడుకొనే పాటలను వారి నోటనే వినినవాడు ఆయన. తుమ్మెదపదాలు, ప్రభాతపదాలు, ఆనందపదాలు, నివాళిపదాలు, వెన్నెలపదాలు, వీటితోపాటు పర్వతపదాలను కూడా పేర్కొన్నాడు. పర్వతమంటే శ్రీపర్వతమే. కొండ ఎక్కేవాడి ఊపిరికి తాళం వేసే పాట అది. అడవిబాటలో పాట వినోదం కొరకే కాదు. ముందు పోయేవాడు పాడితే వెనుక వచ్చేవాడికి దారి తెలుస్తుంది. వెనుకవాడి గొంతు వినబడకపోతే ముందువాడు ఆగుతాడు. మృగం తొలగిపోతుంది. అలసినవాడి అడుగు పదిమంది అడుగులతో కలిసి పడుతుంది. కాబట్టి పాటనుకూడా వారి ప్రయాణసామగ్రిలో చేర్చవలసి ఉన్నది. దానికి బరువు లేదు.

దారి చూపేవారి మాట చెప్పక ఈ చరిత్ర పూర్తికాదు. నల్లమల చెంచుల ఇల్లు. మల్లికార్జునుడు తమ ఆడబిడ్డను పెండ్లాడిన అల్లుడని, చెంచు మల్లయ్య అని వారు చెప్పుకుంటారు. అల్లుని చూడవచ్చే చుట్టాలను అడవి దాటించడం అత్తవారింటివారి పని కదా. యాత్రికుల మూటలు మోసినవారు, డోలీలు పట్టినవారు, రాత్రివేళ కావలి కాచినవారు, ఏ చెలమలో ఇంకా నీరున్నదో చెప్పినవారు చెంచులే. పటం లేని అడవికి వారే పటం. ఏ రాజూ వేయించిన ఏ శాసనంలోను ఈ సేవకు తగిన చోటు దొరకలేదు. కాని వారు లేనిదే మెట్లున్నా ఉపయోగం లేదు. మెట్ల దాకా చేర్చేవారు కావాలి కదా.

1794లో కల్నల్ మెకంజీ, అప్పటికి ఆయన కెప్టెన్ మాత్రమే, ఈ క్షేత్రానికి వచ్చి, చూచినదంతా వ్రాసుకున్నాడు. ఆ వ్రాత 1798లో ఆసియాటిక్ రీసెర్చెస్ అయిదవ సంపుటంలో అచ్చయినది. అందులో క్షేత్రానికి ఆయన వ్రాసిన పేరు పర్వతం. సోమనాథుని నాటినుండి మెకంజీ నాటివరకు జనానికి ఇది పర్వతమే. వేరే పేరు చెప్పనక్కర లేదు.

ఆ తరువాత 36 సంవత్సరాలకు వచ్చినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణం సుప్రీం కోర్టులో ద్విభాషిగా ఉన్న ఈ పెద్దమనిషి 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరినాడు. దారిలో తాను చూచినవి మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు ఎప్పటికప్పుడు వ్రాస్తూ వచ్చినాడు. ఆ వ్రాతలే 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర. 1830 జూన్ నెలలో ఆయన ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం వెళ్ళినాడు. ఎక్కడ మజిలీ చేసినా అంగళ్ళున్నవా, జలవసతి ఎట్లున్నది, దిగడానికి చోటున్నదా, బాట ఎటువంటిది, ఈ సంగతులు వ్రాయడం ఆయన అలవాటు. భక్తుడై ఉండికూడా ఇన్ని లౌకిక విషయాలు ఎందుకు వ్రాసినాడు? తన వెనుక రాబోయేవారికి ఉపయోగపడాలని. వేమారెడ్డి రాతితో చేసిన పనిని ఈయన కలంతో చేసినాడు. ఆయన దినచర్యకూడా ఒక విధమైన మెట్లే.

ఆ కాలానికి ఈ ప్రాంతం కందనూరు నవాబు ఏలుబడిలో ఉన్నది. యాత్రికులనుండి సుంకం వసూలు చేసేవారు. ఇంటినుండి బయలుదేరేవాడు అటుకుల మూటతోపాటు సుంకానికి రూకలుకూడా కట్టుకోవలసి ఉండేది. ఒక రాజు మెట్టు కట్టించినాడు. మరొక రాజు ఆ మెట్టెక్కేవాడివద్ద పన్ను తీసుకున్నాడు. చరిత్రలో రెండు రకాలవారూ ఉంటారు. నవాబు రాజ్యం 1839లో పోయినది. వేమారెడ్డి రాజ్యం అంతకు నాలుగువందల ఏండ్ల క్రిందటనే పోయినది. కాని ఆయన పేరు మెట్లతో పాటు మిగిలి ఉన్నది.

కాలం మారినకొద్దీ సన్నాహమూ మారినది. 20వ శతాబ్దిలో జాతరలకు పోయేవారికి కలరా టీకాలు వేయడం సామాన్యమైనది. అటుకుల మూటకు ఆ విధంగా వైద్యశాస్త్రం తోడైనది. ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో దోర్నాల మీదుగా మోటారుబాట స్థిరపడినది. కృష్ణానదిమీద శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగి, 1980లలో విద్యుదుత్పత్తి మొదలైనది. జలాశయం నిండడంతో పాతాళగంగ మెట్లలో అడుగున ఉన్నవి నీటిపాలైనవి. కృష్ణా తుంగభద్రల సంగమ ప్రాంతంలోని సంగమేశ్వరం మునిగి, నీరు తగ్గిన వేసవిలో మాత్రమే బయటపడుతున్నది. మోటారుబాట ఎందరో వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు స్వామి దర్శనం చేయించినది. దానిని నిందించవలసిన పని లేదు. కాని కాలిబాటకు దానివల్ల ఒక నష్టం కలిగినది. నడిచేవారు తగ్గితే బాటను కనిపెట్టి ఉండేవారూ తగ్గుతారు. పూడిక తీయని కుంట కొన్ని ఏండ్లకు గుంట అవుతుంది. తరువాత నేల అవుతుంది. బావి కూలినా దానిపేరు మాత్రం మజిలీకి మిగులుతుంది. దాహం వేసినవాడికి పేరు త్రాగనిస్తుందా?

అయినా నడక ఆగలేదు. శివరాత్రికి తెలుగువారు, ఉగాదికి కన్నడిగులు నేటికీ వేలసంఖ్యలో ఆత్మకూరు దారిని కొండ ఎక్కుతున్నారు. భ్రమరాంబను కన్నడిగులు తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. కొత్త సంవత్సరాదికి పుట్టింటివారు సారె తెచ్చినట్లుగా చీర, పసుపు, కుంకుమలు తీసుకొని వస్తారు. భుజాన మల్లయ్య కంబి, మూటలో ఎండురొట్టెలు, నోట పాట. వందల కిలోమీటర్లు నడచి వచ్చేవారున్నారు. దారిపొడవునా కర్నూలు, నంద్యాల ప్రాంతపు పల్లెలవారు వారికి మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు, కాళ్ళకు నూనె రాస్తారు. వచ్చినవారి భాష వేరు, పెట్టేవారి భాష వేరు. ఒకరు అమ్మాయికి పుట్టింటివారు. మరొకరు అబ్బాయికి అత్తవారింటివారు. ఇరువురికీ మధ్య చుట్టరికానికి కొదవ ఏమున్నది?

అడవికిమాత్రం నేడు కొత్త నియమాలు వచ్చినవి. నాగార్జునసాగర్–శ్రీశైలం అరణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరినది. పూర్వం మనిషి పులికి భయపడి జట్టుకట్టినాడు. నేడు మనిషివలన పులికి భయం లేకుండా ప్రభుత్వం కావలి కాస్తున్నది. అందుచేత ఈ కాలిబాటను పండుగల సమయంలో కొన్ని దినాలపాటు మాత్రమే యాత్రికులకు తెరుస్తారు. ఆ దినాలలో నీటితొట్లు, వైద్యశిబిరాలు ఏర్పాటవుతవి. ఎండాకులు పరచుకున్న అడవిలో ఆర్పని బీడీముక్క ఒకటి పడితే కొండకు కొండే తగులబడుతుంది. పారవేసిన ప్లాస్టిక్ సంచి జింక కడుపులోనికి పోతుంది. కాబట్టి నేటి యాత్రికుని సన్నాహంలో కొన్ని అంశాలు చేర్చవలసి ఉన్నది. పగటి పదిగంటలలోపల నడక ముగించుకొని, ఎండ చల్లారిన తరువాత తిరిగి సాగించడం, ప్రతి మజిలీలోను నీరు నింపుకొనడం, ఒంటరిగా పోకపోవడం, అడవిలో పొయ్యి వెలిగించకపోవడం, తీసుకొనిపోయిన ప్రతి వస్తువునూ తిరిగి తీసుకొనిరావడం.

మొదటి నాలుగూ తాతలనాటివే, కొద్దిపాటి మార్పుతో. చివరిదానిని గురించి ఒక మాట చెప్పాలి. సొరబుర్ర పగిలినా, ఆకుదొన్నె పారవేసినా, కొంతకాలానికి మట్టిలో కలిసిపోయేవి. తాతలకు ఆ నియమం అవసరం లేకపోయినది. మన మూటలో ఉన్నవి మట్టిలో కలియవు. వారు బాటమీద అడుగుజాడలు తప్ప మరేమీ విడువలేదు. మనం విడిచినది మన మనుమలు ఏరుకోవలసివస్తుంది.

ఈ ఉగాదికో, వచ్చే శివరాత్రికో కొండ ఎక్కబోయేవారు మూట కట్టుకొనేముందు ఒక్కమాట తలచుకోవాలి. ఆ మూట తేలికగా ఉండడానికి కారణం ఆరువందల ఏండ్లనాటి ఒక రాజు, ఒక రాణి, ఒక ద్విభాషి, పేరుతెలియని ఎందరో చెంచులు, కుంటలు తవ్విన కూలీలు, మజ్జిగ పోసిన ఇల్లాండ్రు. ఆ బరువులో కొంత మనంకూడా మోయవలసి ఉన్నది. భీమునికొలను ఒడ్డున నీరు త్రాగినవాడు అక్కడ పడివున్న రెండు సీసాలు ఏరి తన సంచిలో వేసుకొని కైలాసద్వారం మెట్లెక్కితే, వాని సంచి కొంచెం బరువెక్కుతుంది. వాని వెనుక వచ్చేవాడి దారి తేలిక అవుతుంది. శ్రీశైలం బాట ఇన్ని శతాబ్దాలు నిలిచినది ఆ ఒక్క ధర్మంమీదనే.